మీర్ మోమిన్ చూసిపెట్టిన జాగా

పెద్దలకు నమస్కారం, పిల్లలకు ఆశీస్సులు. శాలువా తర్వాత కప్పుదురు గానీ, ముందు నన్ను మాట్లాడనివ్వండి.

చార్మినార్ గురించి చెప్పమన్నారు. 1591, మహమ్మద్ కులీ కుతుబ్‌షా. అది మీకు తెలిసిందే. ఈ ఊరికి నక్షా గీశాడని చెప్పే ఆయన పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మోమిన్ సమాధి ఎక్కడుంది? తెలిసినవాళ్లు చేతులెత్తండి. నాలుగే చేతులు! పాతబస్తీలో, దాయిరా మీర్ మోమిన్ అనే ఖబరస్తాన్‌లో ఉంది. ఇరాన్ నుంచి వచ్చిన ఆయన, బతికేవాళ్లకు వీధులు వేసి, పోయినవాళ్లకూ జాగా చూసిపెట్టాడు. కర్బలా మట్టి తెప్పించి ఆ నేలలో కలిపించాడంటారు.

1883లో పోయిన నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ అక్కడే ఉన్నాడు. ఎక్కడో కసూర్‌లో పుట్టి, 1968లో మన బషీర్‌బాగ్‌లో కన్నుమూసిన బడే గులాం అలీఖాన్ కూడా అక్కడే. ఎంత గొంతు అది! ఆయన ఠుమ్రీ వింటే నాకిప్పటికీ కళ్లు చెమరుస్తాయి. అదే నేలలో పేరు లేని మట్టి దిబ్బలూ ఉన్నాయి.

అసలు నేను చెప్పాల్సింది వేరే ఉంది. మా పక్కింటి టైలర్ భాయ్ పోయినప్పుడు, మయ్యత్‌ను ఇంట్లో పెట్టుకుని పొద్దున్నుంచి తిరిగాం. ఒక ఖబరస్తాన్‌లో జాగా లేదన్నారు. ఇంకోచోట చెప్పిన రేటు భాయ్ ఆర్నెల్ల సంపాదన. బయట ఎండ మండుతోంది, ఇంట్లో ఐస్ కరిగిపోతోంది. భాభీ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, "దొరికిందా అన్నా?" అని. చివరికి రాత్రి ఇషా నమాజు దాటాక, ఊరి చివర దొరికింది. గోరీలు తవ్వే గోర్కన్, సెల్‌ఫోన్ లైటు నోట కరుచుకుని తవ్వాడు. అందరితోపాటు నేనూ మూడు గుప్పిళ్ల మట్టి వేశాను. ఆ మట్టిలో సగం కంకరే.

మీలో ప్లాట్లు కొన్నవాళ్లున్నారు కదా? పార్కు ఎక్కడ, గుడి ఎక్కడ అని అడిగారు. ఖబరస్తాన్ ఎక్కడ, శ్మశానం ఎక్కడ అని అడిగారా? నేనూ అడగలేదు. ఇకనైనా అడగండి. కొనేముందే అడగండి.

భాయ్ కొడుకు మూడో వరుసలో ఉన్నాడు. బాబూ, ఇలా రా. ఆ రోజు ఎన్ని గేట్లు తట్టామో నువ్వే చెప్పు. మైకు అతనికివ్వండి.