సెకండ్ హ్యాండ్ కారు బేరం: నోటితో కాదు, లెక్కతో

నమస్కారం. నా వెనక ఉన్న ఈ తెల్ల కారు అద్దం మీద 5 లక్షల 40 వేలు అని రాసి ఉంది. ఆ అంకెను కాసేపు చూడనట్టే ఉండండి. మనలో చాలామంది తలుపైనా తీయకముందే "ఎంతకు ఇస్తారు?" అని అడిగేస్తారు. డీలరు ఓ పదివేలు తగ్గించి, మహా ఉపకారం చేసినట్టు ముఖం పెడతాడు. ముందు కారు చూడండి. కనిపించిన ప్రతి లోపాన్నీ రూపాయల్లోకి మార్చండి. ధర మాట ఆ తర్వాతే.

కెమెరాను టైరు దగ్గరకు తెస్తున్నాను. ఇక్కడ కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలున్నాయి, చూశారా? 2318. అంటే 2018లో 23వ వారంలో తయారైన టైరు. కారు కూడా 2018దే కాబట్టి టైర్లు ఒక్కసారీ మార్చలేదు. గాడుల మధ్య సన్నని పగుళ్లు కూడా కనిపిస్తున్నాయి. "టైర్లు పాతవండీ" అంటే డీలరు నవ్వి ఊరుకుంటాడు. "నాలుగింటికీ 20 వేలట, షాపులో అడిగి వచ్చాను" అనండి, కాలిక్యులేటరు బయటికి వస్తుంది. ఒకవేళ ఈ టైర్లు 2022లో తయారైనవి అయి ఉంటే? మీటరులో 38 వేల కిలోమీటర్లే ఉంది. అంత తక్కువ తిరిగిన కారుకు టైర్లెందుకు మార్చారు? అప్పుడు నేను మీటరునే అనుమానిస్తాను, సర్వీసు రికార్డు అడుగుతాను.

క్లచ్ పెడల్ దాదాపు పైదాకా వచ్చాక గానీ కారు కదలడం లేదు. ప్లేటు అరిగి ఉంటుంది. మెకానిక్ 12 వేలు చెప్పాడు.

"బీమాలో 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది సార్" అని ఊరిస్తారు. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది. ఆ బోనస్ పాత ఓనరుది, కారుతో పాటు మీకు రాదు. పాలసీ మీ పేరుకు మారేటప్పుడు ఆ తేడా మీరే కట్టాలి. దానికి 8 వేలు వేసుకుందాం. జీఎస్టీ పేరుతో మొత్తం ధర మీద 18 శాతం కలుపుతామంటే ఒప్పుకోకండి. అది పడేది డీలరు లాభం మీదే.

ఇప్పుడు బేరం.

"5 లక్షల 40 వేలు, ఆఖరి ధర సార్."

"టైర్లకు 20, క్లచ్‌కు 12, బీమాకు 8. మొత్తం 40 వేలు. 5 లక్షలు ఇస్తానండీ, ఆర్‌సీలో పేరు మార్పిడి ఖర్చు మీదే."

ఇక మాట్లాడకండి. డీలరు నోరు విప్పకముందే "పోనీ, ఇంకో పదివేలు" అని మీరే పెంచేస్తే అతనికి ఇక పనేముంది? మేనేజరును అడిగి వస్తానని లోపలికి వెళతాడు. ఈలోగా టీ వస్తుంది, తాగండి. 5 లక్షల 25 వేలంటూ తిరిగి వస్తే ఫోన్ నంబరు ఇచ్చి లేవండి. తలుపు దాకా వెళ్లాక పిలిచినవాళ్లున్నారు, రెండు రోజులకు ఫోన్ చేసినవాళ్లూ ఉన్నారు.

పేరు మార్పిడి ఖర్చు సంగతి నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. ఒకచోట ధర కుదిరిన సంబరంలో ఆ మాట ఎత్తలేదు. చివర్లో 9 వేలు అదనంగా గుంజారు. అందుకే అడ్వాన్సు రసీదులో కారు నంబరు, కుదిరిన ధర, పేరు మార్పిడి ఎవరి ఖర్చో రాయించండి. కారు మీద లోను ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), లోను తీరిందని సంతకాలు పడ్డ ఫారం 35 కళ్లారా చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.