పురుగు మీదకి నెట్టేస్తే ఎలా?

సభకు నమస్కారం. వేదిక మీద పెద్దలందరి పేర్లూ చదవమని కాగితం ఇచ్చారు, చదివితే నా టైం కాస్తా అయిపోతుంది, వదిలేస్తున్నాను.

అత్యాచారాలు ఎందుకు జరుగుతున్నాయంటే, ఇందాక మాట్లాడిన సారు "అంతా హార్మోన్లండీ, ప్రకృతి" అన్నారు. నేను జువాలజీ చెప్పి బతికినవాణ్ణి, కాబట్టి ఆ ప్రకృతి సంగతే ముందు చూద్దాం. స్కార్పియన్ ఫ్లై అని ఒక పురుగుంది. మగది చచ్చిన పురుగునో, తన లాలాజలం ముద్దనో ఆడదానికి పెట్టి జతకడుతుంది. పెట్టడానికేమీ లేని మగవి కొన్ని ఆడదాని రెక్కను ఒంటి మీదుండే కొక్కెంతో పట్టేసి బలవంతం చేస్తాయి. దీన్ని పరిశోధించిన థార్న్‌హిల్, పామర్ అనే ఇంకొకాయనతో కలిసి 2000లో ఒక పుస్తకం రాసి, మనుషుల్లో అత్యాచారానికీ పరిణామంలోనే మూలాలున్నాయన్నాడు. తమాషా ఏమిటంటే, సంతానం కోసమే పుట్టిన గుణమా, వేరే కోరికల వెంట వచ్చిపడిందా అనే దగ్గర వాళ్లిద్దరికే పొసగలేదు. సంతానం కోసమే అయితే పసిపిల్లల మీదా ముసలమ్మల మీదా ఎందుకు జరుగుతోందో చెప్పండి! అయినా, సహజం కాబట్టి తప్పు కాదని వాళ్లు కూడా అనలేదు, అనేది మనవాళ్లే.

పెగ్గీ శాండే అనే మానవ శాస్త్రవేత్త 1981లో 95 గిరిజన సమాజాల సమాచారం పోల్చి చూసింది. దాదాపు సగం వాటిలో అత్యాచారం లేదు, లేదా బాగా అరుదు. ఎక్కువున్నచోట మగాళ్ల మధ్య కొట్లాటలెక్కువ, నిర్ణయాల్లో ఆడవాళ్ల మాటకు విలువ తక్కువ. పాత రికార్డుల మీద ఆధారపడిందని ఆ లెక్కను తప్పుపట్టినవాళ్లున్నారు, ఉండనివ్వండి. హార్మోన్లు అన్నిచోట్లా అవే కదా, మరి తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

అసలు నేను చెప్పాలని వచ్చింది ఇది కాదు. 1978, హైదరాబాద్, నల్లకుంట పోలీస్ స్టేషన్. రమీజాబీ. మీలో ఎంతమంది విన్నారీ పేరు? చేతులెత్తండి... చూశారా. ఆమె మీద స్టేషన్‌లోనే అత్యాచారం. అడగబోయిన భర్త, రిక్షా తొక్కుకునేవాడు, దెబ్బలకు చచ్చిపోయాడు. ఊరు ఊరంతా రోడ్డెక్కింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులది తప్పేనంది. విచారణలో మాత్రం ఆమె ఎలాంటిది, పెళ్లిళ్లెన్ని, ఇదే గోల. కేసు రాయచూరుకి మారింది, 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఇందులో హార్మోను ఎక్కడుంది సార్? ఏం చేసినా ఏమీ కాదన్న ధీమా ఉంది. ఆ ధీమా పురుగుకి ఉండదు, దానికి స్టేషనూ లేదు, వకీలూ లేడు.

టైం అయిందని చీటీ ఇచ్చారు, ఒక్క నిమిషం. ప్రిన్సిపాల్ గారూ, పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల్ని అడ్డుకోవడానికి తెచ్చిన 2013 చట్టం ప్రకారం ఈ కాలేజీలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు మహిళే కావాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. గేటు నుంచి ఈ హాలు దాకా నోటీసు బోర్డులన్నీ చూసుకుంటూ వచ్చాను, ఫీజు గడువు తేదీలున్నాయి, క్రికెట్ టీం ఉంది, ఆ కమిటీ పేర్లు మాత్రం కనపడలేదు. ఎవరున్నారో మైకులో ఇప్పుడే చదవండి, పిల్లలు రాసుకుంటారు.