విడుదల తేదీ

శ్రోతలకు నమస్కారం.

జైల్లో తెల్లవారి ఆరింటికి బ్యారక్‌ల తాళాలు తీస్తారు. తీయగానే లెక్క. రాత్రి తాళం వేసినప్పుడు లోపల ఎంతమంది ఉన్నారో, పొద్దున్నా అంతమందే ఉండాలి. ఆ అంకెలు గేటు దగ్గర నల్లబోర్డు మీదకు ఎక్కుతాయి. శిక్ష పడినవాళ్లు ఇంతమంది, రిమాండు ఖైదీలు ఇంతమంది, ఆస్పత్రిలో ఇంతమంది, కోర్టు వాయిదాకు వెళ్లేవాళ్లు ఇంతమంది. పదిన్నరకు డ్యూటీకి వెళ్లగానే నా కళ్లు ముందు ఆ బోర్డు మీదకే పోయేవి.

1994లో ఒక జిల్లా జైలు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. 22 ఏళ్లు చేసి, 2016లో స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను. ఇంకా 12 ఏళ్ల సర్వీసు చేతిలో పెట్టుకుని ఎందుకు మానేశావని చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. పెళ్లి భోజనాల్లో విస్తరి ముందు కూర్చోబెట్టి అడుగుతారు. అక్కడ చెప్పలేక ఏదో ఒకటి అనేస్తాను. ఇవాళ కాస్త సమయం దొరికింది కనుక, ఉన్నదున్నట్టు చెప్పుకుంటాను.

జైలు పెద్ద గేటును మామూలుగా బార్లా తెరవరు. దానిలోనే చిన్న తలుపు ఉంటుంది. తల వంచి దూరాలి. లోపల ఇంకో గేటు. రెండూ ఒకేసారి తెరవకూడదు. మొదటిది మూసి తాళం వేశాకే రెండోదాని తాళం తీస్తారు. గేటు రిజిస్టరులో పేరు, టైము రాసి, సెల్‌ఫోన్లు వచ్చాక ఫోను కూడా అక్కడే అప్పగించి లోపలికి వెళ్లేవాళ్లం. చేరిన కొత్తలో ఆ రెండు గేట్ల నడుమ నిలబడ్డ అర నిమిషం ఊపిరి ఆడేది కాదు. ఏడాది తిరిగేసరికి అలవాటైపోయింది. అలవాటైందని గమనించిన రోజు మాత్రం నాకు బాధ కలిగింది.

నా సీటుకు వచ్చిన పని శిక్షల లెక్క. కోర్టు నుంచి వారెంటు వస్తుంది. ఇన్నేళ్ల శిక్ష అని ఉంటుంది. శిక్ష పడకముందు రిమాండులో గడిపిన రోజులు అందులోంచి తీసేయాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి 428వ సెక్షను ఉండేది. ఆ తర్వాత రెమిషన్. సత్ప్రవర్తనకు, చేసిన పనికి నెలనెలా కొన్ని రోజులు తగ్గుతాయి. మగ్గం నేసేవాడు, వంటశాలలో పనిచేసేవాడు, తోటపని చేసేవాడు, అందరివీ హిస్టరీ టికెట్లలో, అంటే ఒక్కో ఖైదీకి ఉండే రికార్డులో, చూసి కూడాలి. పెరోల్ మీద వెళ్లి ఆలస్యంగా వస్తే దాని లెక్క వేరు. ఇవన్నీ కూడి, తీసేసి, చివరికి ఒక తేదీ తేలుతుంది. ఆ తేదీని విడుదల డైరీలో రాయాలి. ఏడాదిలో ప్రతి రోజుకూ అందులో ఒక పేజీ ఉంటుంది. ఏ రోజు ఎవరు బయటికి వెళ్తారో ఆ పేజీలో వాళ్ల పేరు, నంబరు.

ఈ పని మీద నాకు ఎనలేని గౌరవం ఉండేది. ఇప్పటికీ ఉంది. నేను కూడికలో ఒకటి తప్పితే ఒక మనిషి ఒక రాత్రి ఎక్కువ తాళం వెనక పడుకుంటాడు. ఆ రాత్రిని తిరిగి ఇచ్చే జి.ఓ. ఏదీ లేదు.

ఒక పెద్దాయన ఉండేవాడు. పొలం గట్టు తగాదాలో ఒక ప్రాణం పోయింది. ఏడేళ్ల శిక్ష. చదువు రాదు. వారానికోసారి ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చి, "బాబూ, నా రోజులు చూశావా?" అనేవాడు. తనకు ఇంకా నలభై రోజుల పైన తగ్గాలని ఆయన పట్టు. వారెంటులో రిమాండు రోజుల దగ్గర ఏమీ రాసి లేదు. మొదట ఉంచిన సబ్ జైలు నుంచి ధ్రువపత్రం రావాలి. రాసాం. రిమైండరు పెట్టాం. ఇంకో రిమైండరు పెట్టాం.

"రోజులు ఎలా గుర్తున్నాయి పెద్దాయనా?" అని అడిగాను ఒకసారి. "వినాయక చవితి వెళ్లిన మూడో నాడు పట్టుకెళ్లారు బాబూ. అట్లతద్ది తెల్లారి బెయిలు మీద ఇంటికొచ్చా. మా వీధిలో ఆడపిల్లల ఉయ్యాల ఇంకా చెట్టుకే ఉంది" అన్నాడు. ఇంటికెళ్లి ఆ ఏడాది పంచాంగం వెతికి తీశాను. భాద్రపద శుద్ధ చవితి నుంచి ఆశ్వయుజ బహుళ తదియ దాకా వేళ్ల మీద లెక్కపెట్టాను. ఆయన చెప్పింది సరిపోయింది.

మర్నాటి నుంచి రికార్డు రూములో వెతకడం మొదలుపెట్టాను. సబ్ జైలు నుంచి జవాబు ఎప్పుడో వచ్చేసింది. 41 రోజులు అని స్పష్టంగా రాసి ఉంది. వచ్చిన కాగితాన్ని హిస్టరీ టికెట్‌కు జతచేయకుండా, ఎవరో ఎల్.డిస్. కింద మూసేశారు. ఆఫీసుల్లో పనిచేసినవారికి ఈ మాట తెలుసు. ముగిసిన కాగితాలకు తరగతులు ఉంటాయి. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్. అంటే పదేళ్లు. కె.డిస్. మూడేళ్లు. ఎల్.డిస్. ఒక్క ఏడాది, ఆ తర్వాత నాశనం చేయవచ్చు. ఆ కట్టకు ఏడాది దాటి నాలుగు నెలలైంది. తగలబెట్టేవాళ్లకు తీరిక దొరక్క మిగిలింది.

డైరీలో పాత తేదీ కొట్టేసి, ఎర్ర సిరాతో కొత్త తేదీ వేసి, సంతకాలు చేయించి ఆయనకు చెప్పాను. చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తీసుకోవడానికి నాకు సిగ్గేసింది. ఆయనకు రావాల్సిన రోజులే ఆయనకు వచ్చాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అప్పటి నుంచి ఆఫీసు పని మీద నా చూపు మారిపోయింది. చేసిన పని ఏమిటని ఏ సాయంత్రం చూసుకున్నా, ఎక్కువ భాగం స్టేట్‌మెంట్లే. అవే అంకెలను ఒక ప్రొఫార్మాలో పై ఆఫీసుకు, ఇంకో ప్రొఫార్మాలో ఇంకో ఆఫీసుకు. తన సీటుకు వచ్చిన కాగితాలు రాసుకునే పర్సనల్ రిజిస్టరులో పెండింగు చూపించకూడదు కాబట్టి నెలాఖరుకు కాగితాలను ఎలాగో ఒకలా మూసేయడం. ఆ 41 రోజుల కాగితాన్ని మూసినవాడు దుర్మార్గుడు కాడు. నెలాఖరు వచ్చి ఉంటుంది, అంతే. నేనూ అలా ఎన్ని మూశానో అనే అనుమానం పట్టుకుంది. పాత ఫైళ్లన్నీ ఒకసారి తిరగేస్తానని అడిగాను. మనుషులు చాలరన్నారు. అదీ నిజమే.

మా నాన్నగారి సంగతి కొంచెం చెప్పాలి. ఆయన రెవెన్యూలో గుమాస్తాగా చేసేవారు. 1983 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. 55 దాటినవాళ్లంతా అదే నెల 28వ తేదీన ఇంటికి. నాన్నకు అప్పుడు 56. ఇంకా రెండేళ్లు ఉందన్న ధైర్యంతో అక్కయ్య పెళ్లికి మాటిచ్చి ఉన్నారు. ఒక్క మధ్యాహ్నంలో చార్జి అప్పగించేసి, బీరువా తాళాలు ఇచ్చేసి, గొడుగు తీసుకుని నడిచి వచ్చారు. నాకప్పుడు 15 ఏళ్లు. అరుగు మీద కూర్చుని, "తేదీ మనది కాదురా" అన్నారు. తర్వాత ఆ వయసు మళ్లీ 58 అయింది, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60 అయింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో 62, తెలంగాణలో 61. ఎవరి చేతిలోనో కలం కదిలితే ఇంకొకరి తేదీ ముందుకో వెనక్కో జరుగుతుంది. నేను ఖైదీల తేదీలు రాస్తున్నప్పుడు నాన్న మాట చాలాసార్లు చెవిలో వినపడేది.

నేను మానేసిన 2016లోనే సంగారెడ్డిలో ఒక కొత్త ఏర్పాటు మొదలైంది. అక్కడి పాత జైలును, 1796లో కట్టినదాన్ని, మ్యూజియం చేశారు. 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండనిచ్చేవారు. ఖైదీ బట్టలు, ఖైదీ భోజనం, గది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు స్నేహితులతో వెళ్లొచ్చాడు. "మామయ్యా, ఎన్నాళ్లకో ఆ రాత్రి ఫోను మోగకుండా పడుకున్నా" అన్నాడు. వాడి మాటకు నాకు కోపం రాలేదు, దిగులేసింది. కంటి నిండా నిద్ర కోసం డబ్బు కట్టి జైలుకు వెళ్లేంత పని ఒక పిల్లవాడి మీద పెట్టడం న్యాయం కాదు. వాడు ఇప్పుడు నలభై అయిదుకల్లా ఉద్యోగం మానేయాలని లెక్కలు వేస్తున్నాడు. ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెడితే చాలట. వేసుకోనీ. తన తేదీ తాను రాసుకునే వీలున్నవాడు రాసుకోవాల్సిందే.

కాని వాడూ, వాడి స్నేహితులూ, ఒకప్పుడు నేనూ, "ఆఫీసు కాదు, జైలు" అని అలవోకగా అనేవాళ్లం. ఆ మాట నేనిప్పుడు అనలేను. మూడు నెలల ముందు నోటీసిచ్చి నేను బయటికి రాగలిగాను. మా పెన్షన్ నిబంధనల్లో 20 ఏళ్ల సర్వీసు దాటినవారికి ఆ హక్కు ఉంది. 33 ఏళ్లకు వచ్చే నిండు పెన్షన్ రాదు, తక్కువ వస్తుంది, అంతవరకే నష్టం. జైల్లో ఎక్కువమందికి నోటీసు ఇవ్వడానికి చోటే లేదు.

విడుదల డైరీలో పేరు ఎక్కాలంటే ముందు శిక్ష పడాలి. రిమాండు ఖైదీకి ఆ డైరీలో పేజీ లేదు. అతనికి ఉండేది వాయిదా తేదీ. ఆ రోజున ఎస్కార్టు పోలీసులు దొరకకపోతే కోర్టుకు కూడా వెళ్లడు, జైల్లోంచే వీడియో తెర మీద కనిపించి వస్తాడు. ఇంకో వాయిదా పడుతుంది. 2022 చివర దేశంలోని జైళ్లలో 5 లక్షల 73 వేల మంది ఉంటే, అందులో 4 లక్షల 34 వేల మంది విచారణ ఖైదీలే. నలుగురిలో ముగ్గురు. త్వరగా విచారణ జరగడం మనిషి హక్కని సుప్రీంకోర్టు 1979లోనే, బీహార్ జైళ్ల కేసులో చెప్పింది. మా గేటు దగ్గరి నల్లబోర్డు మీద 22 ఏళ్ల పాటు ఆ రిమాండు అంకె పెద్దదిగానే ఉంది.

గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లు రామదాసు బందిఖానా చూసే ఉంటారు. కంచర్ల గోపన్న తహసీల్దారు. సర్కారు సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని లోపల వేశారు. పన్నెండేళ్లని చెప్పుకుంటాం. వేసిన రోజున పన్నెండేళ్లని ఆయనకు ఎవరూ చెప్పలేదు కదా. ఆ గోడల మధ్య కూర్చుని, ఏ నగకు ఎన్ని వరహాలయ్యాయో పాటల్లో రాముడికి లెక్క అప్పజెప్పాడు. ఆఫీసులో పనిచేసినవాడిగా ఆ పాటలు వింటే నాకు గొంతు పూడుకుపోతుంది. తేదీ తెలియని మనిషి లెక్కను పట్టుకుని బతికాడు.

సీటులో ఉన్నంతకాలం రిమాండు ఖైదీల విషయం నా పని కాదు. శిక్షల లెక్కే నా పని. సాయంత్రం ఐదు తర్వాత చేద్దామంటే స్టేట్‌మెంట్లు. అందుకే మానేశాను. న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా పేరు ఇచ్చుకున్నాను. ఇప్పుడు వారానికి రెండు రోజులు అదే చిన్న తలుపులోంచి తల వంచి లోపలికి వెళ్తున్నాను. గేటు రిజిస్టరులో నా పేరు ఇప్పుడు సందర్శకుల వైపు రాస్తారు.

చేసే పని చిన్నది. బెయిలు మంజూరై కూడా జామీను ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయినవాళ్ల జాబితా రాసుకుంటాను. వాళ్ల ఊళ్లకు ఫోన్లు చేస్తాను. జామీను సొమ్ము కట్టలేని పేద ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. దానికి కాగితాలు కూర్చుతాను. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479వ సెక్షను ఉంది. అంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడనివాడు, తన మీద మోపిన నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు విచారణ ఖైదీగానే గడిపేస్తే బెయిలుకు అర్హుడు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు అది వర్తించదు, వేరే కేసులున్నా వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు రాయాల్సిన బాధ్యతను చట్టం జైలు సూపరింటెండెంటు మీద పెట్టింది. ఈ సెక్షను చదివిన రోజు ఒక కొత్త నోటు పుస్తకం కొన్నాను. ఒక్కొక్కరి పేరు ఎదురుగా జైలుకు వచ్చిన రోజు, మూడో వంతు నిండే రోజు రాసుకుంటున్నాను. మొత్తానికి వాళ్లకూ ఒక తేదీ.

పోయిన శుక్రవారం ఒక కుర్రాణ్ణి కలిశాను. ఫోను దొంగతనం కేసు. పదివేల రూపాయలకు ఇద్దరు జామీనుదారులతో బెయిలు వచ్చి 50 రోజులైంది. తల్లి ఇటుక బట్టీల పనికి వలస వెళ్లింది. ఫోను నంబరు గుర్తులేదన్నాడు. ఊరి పేరు, ఊళ్లో కిరాణా కొట్టు ఎవరిదో మాత్రం చెప్పాడు. కొట్టాయన దొరికాడు. మంచివాడు. ఒక జామీనుకు తాను వస్తానన్నాడు. ఇంటి పన్ను రసీదు, ఆధార్ నకలు పంపమన్నాను. రెండో మనిషి ఇంకా కుదరలేదు. బుధవారం మళ్లీ వెళ్తున్నాను.

నమస్కారం.