కలరా క్రిమికి విషం వదలమని చెప్పేదెవరు?

(కర్నూలులోని ఒక డిగ్రీ కాలేజీలో జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపల్ గారికి, తోటి అధ్యాపకులకు, పొద్దుటి నుంచి ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు నమస్కారం. శాలువాలు, మెమెంటోలు తర్వాత పెట్టుకుందాం. నాకిచ్చింది అరగంట, అదంతా నాకు కావాలి.

ఆహ్వానపత్రంలో ‘వ్యాధికారక బ్యాక్టీరియాలో జన్యు నియంత్రణ’ అని వేశారు. అంటే జబ్బు తెచ్చే క్రిమి తన జన్యువులను ఎప్పుడు నడపాలో, ఎప్పుడు ఆపాలో తేల్చుకునే తీరు. అది సముద్రమంత విషయం. నేను కలరా ఒక్కదాన్నే తీసుకుంటాను. కర్నూలు వాళ్ళకు నీళ్ళ భయం గురించి ఒకరు చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. వరద తీశాక ఇళ్ళలో బురద ఎత్తిపోసుకోవడం ఒక ఎత్తు, తాగే నీళ్ళ టెన్షన్ ఒక ఎత్తు. ఈనాటికీ ఎక్కడో పైపు పగిలి మురుగు కలిసిందని, వాంతులు బేదులతో జనం ఆస్పత్రిలో పడ్డారని పేపర్లో చదువుతూనే ఉన్నాం. అన్నీ కలరా కావు. కానీ ఆ పేరు వినగానే పెద్దవాళ్ళ ముఖాలు మారిపోతాయి.

విబ్రియో కలరే అనే ఈ క్రిమి అసలు నీళ్ళలో బతికే జీవి. నదులు సముద్రంలో కలిసేచోట ఉప్పునీళ్ళలో, కంటికి ఆనని చిన్నచిన్న జలచరాలను అంటుకుని బతుకుతుంది. అక్కడ దానికి విషంతో పనిలేదు. నీళ్ళలో దొరికే చాలా రకాల విబ్రియోల్లో విషపు జన్యువులే ఉండవు. ఉన్నవాటికి అవి ఒక వైరస్ నుంచి, అంటే బ్యాక్టీరియాకు పట్టే ఫేజ్ నుంచి వచ్చాయని వాల్డర్, మెకలనోస్ అనే పరిశోధకులు 1996లో చూపించారు. జన్యువు ఉన్న క్రిమి కూడా అస్తమానం విషం తయారుచేస్తూ కూర్చోదు. ప్రోటీన్ తయారీకి శక్తి ఖర్చవుతుంది. మనిషి చిన్నపేగులోకి చేరి, పేగు గోడ దగ్గరికి వచ్చాకే ఆ పని మొదలుపెడుతుంది. మరి తానెక్కడుందో దానికెలా తెలుస్తుంది?

ఇక్కడే మన కథానాయకుడు వస్తాడు. పేరు టాక్స్-ఆర్. ఇది క్రిమి లోపలి పొరకు అడ్డంగా గుచ్చుకుని ఉండే ప్రోటీన్. ఒక కొస పొర బయట ఉంటుంది, ఇంకో కొస లోపల డీఎన్ఏ మీద కూర్చుంటుంది. మామూలుగా కబురు అందుకునే ప్రోటీన్ ఒకటి, జన్యువును పట్టుకునేది మరొకటి ఉంటాయి. ఇక్కడ రెండు పనులూ ఒకటే చేస్తుందని మిల్లర్, మెకలనోస్ బృందం 1987లో తేల్చింది. టాక్స్-ఆర్‌కు తోడుగా టీసీపీ-పి అనే ఇంకో పొర ప్రోటీన్ ఉంది. పొలాల నుంచి వచ్చిన పిల్లలకు బోరు మోటారు ఆటో స్టార్టర్ తెలుసు కదా, కరెంటు మూడు ఫేజులూ వస్తేగాని మోటారు తిరగనివ్వదు. ఇక్కడా అంతే. ఈ రెండూ కలిస్తేనే టాక్స్-టి అనే మూడో ప్రోటీన్ తయారవుతుంది. ఆ టాక్స్-టి వెళ్ళి విషపు జన్యువులను, క్రిములు ఒకదాన్నొకటి పట్టుకుని పేగు మీద గుంపు కట్టడానికి కావాల్సిన పిలస్ అనే సన్నని పోగుల జన్యువులను నడిపిస్తుంది.

ఒకటి గమనించండి. పేగు మధ్యలో పైత్యరసం ఉంటుంది. అందులోని కొవ్వు ఆమ్లాలు టాక్స్-టిని పట్టుకుని పని చేయనివ్వవు. 2010లో దాని నిర్మాణం బయటపడినప్పుడు, ఆ ప్రోటీన్ కడుపులో ఒక కొవ్వు ఆమ్లం కూర్చునే కనిపించింది! గోడ దగ్గర, జిగురు పొర కిందకు చేరాక బైకార్బొనేట్ ఎక్కువ, అది టాక్స్-టిని హుషారు చేస్తుంది. అంటే విషం ఎక్కడ పనికొస్తుందో అక్కడే ఊరుతుంది. ఆ విషం పేగు కణాల్లో దూరి సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే అణువును పెంచేస్తుంది, క్లోరైడ్, దాని వెంట నీళ్ళు బయటకు తోసుకొస్తాయి. జబ్బు తీవ్రమైతే గంటకు లీటరు నీళ్ళు పోతాయి.

ఇంతసేపూ విషం, విషం అంటున్నాను. అసలు అలాంటిది ఒకటి ఉందని ఎవరు చూపించారు? చేతులెత్తండి... ఎవరూ లేరు. అందుకే ఇంత దూరం వచ్చాను.

శంభునాథ్ డే. 1915లో బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో పుట్టారు. ఈ పొద్దు మనం సర్ సి.వి. రామన్ గురించి ఎంతో మాట్లాడుకున్నాం. ఆయన పనిచేసిన కలకత్తాలోనే డే కూడా పనిచేశారు. కలరాకు ఒక విషం ఉండాలని 1884లోనే జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ ఊహించారు. ఊహే మిగిలింది. ఎందరో క్రిమిని జంతువుల రక్తంలోకి, పొట్టలోకి ఎక్కించి చూశారు, కలరా రాలేదు. డే ఏం చేశారంటే, కుందేలుకు మత్తిచ్చి, చిన్నపేగులో ఒక ముక్కను రెండు వైపులా దారంతో కట్టి, ఆ ముక్కలోకి కలరా కల్చర్, అంటే ల్యాబ్‌లో పెంచిన క్రిములున్న ద్రవం, ఎక్కించి, పొట్ట కుట్టేశారు. మరుసటి రోజు విప్పి చూస్తే ఆ ముక్క నీళ్ళతో ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. కలరా రోగికి పోయే గంజినీళ్ళ లాంటి నీళ్ళే. 1953లో ఈ పని అచ్చయింది. 1959లో ఇంకో అడుగు వేశారు. క్రిములన్నింటినీ వడకట్టేసి, మిగిలిన ద్రవం మాత్రమే ఎక్కించారు. అప్పుడూ పేగు ఉబ్బింది. క్రిమి లేదు, విషం ఉంది. దేశదేశాల పరిశోధకులు ఆ విషం వెంట పడ్డది ఆ తర్వాతే. ఆ విషం ఉందని తేలకపోతే దాని జన్యువును వెతికేదెవరు? ఆ జన్యువును నడిపే టాక్స్-ఆర్‌ను వెతికేదెవరు?

నోబెల్ పొందిన జాషువా లెడర్‌బర్గ్ డే పేరును నోబెల్‌కు ఒకటికి రెండుసార్లు ప్రతిపాదించారు. 1978లో నోబెల్ ఫౌండేషన్ కలరా మీద సదస్సు పెట్టి ఆయన్ను పిలిచింది. మన దేశంలో ఒక్క సైన్స్ అకాడమీ కూడా ఆయనకు ఫెలోషిప్ ఇవ్వలేదు. 1985లో పోయారు. అయిదేళ్ళ తర్వాత ‘కరెంట్ సైన్స్’ పత్రిక ఆయన మీద ప్రత్యేక సంచిక వేసింది.

అనంతపురంలో నేను పాఠాలు చెప్పే రోజుల్లో ప్రాక్టికల్స్‌కు బయటి ఎగ్జామినర్ వచ్చారు. కలరా టాక్సిన్ ఎవరు కనిపెట్టారని వైవాలో అడిగారు. గుత్తి దగ్గరి పల్లె నుంచి వచ్చే పిల్ల, “శంభునాథ్ డే, సార్” అంది. “కోచ్ అని చదువుకోలేదా?” అని గద్దించారు. ఆ పిల్ల బెదరలేదు. “కోచ్ క్రిమిని చూపించారు సార్, విషాన్ని డే చూపించారు” అంది. ఆయన రికార్డు మూసి పక్కన పెట్టేశారు. వైవాకు పదికి నాలుగు మార్కులు! నేను వెళ్ళి అడిగితే, “ఆ పేరు మీ టెక్స్ట్‌బుక్‌లో చూపించండి” అన్నారు. తిరగేశాను. కలరా మీద రెండున్నర పేజీలున్నాయి. కోచ్ ఉన్నాడు, క్రిమి కామా ఆకారం ఉంది. డే లేరు. ఆ రోజు ఆ పిల్ల ముఖం నాకిప్పటికీ కళ్ళల్లో మెదులుతూనే ఉంది. కడుపు రగిలిపోతుంది.

విషయంలోకి వస్తాను, టైమ్ అయిపోతోందని మేడం గారు చూస్తున్నారు. టాక్స్-ఆర్, టాక్స్-టి లాంటి నియంత్రక ప్రోటీన్లు మనకెందుకంటే, యాంటీబయాటిక్‌తో క్రిమిని చంపబోతే వాటిలో తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. చంపకుండా దాని చేతిలో ఆయుధం లాగేసుకుంటే? 2005లో విర్‌స్టాటిన్ అనే చిన్న అణువు దొరికింది. అది టాక్స్-టిని ఆపుతుంది. ఎలుక పిల్లలకు ఇస్తే వాటి పేగులో క్రిమి నిలదొక్కుకోలేకపోయింది. మందుల షాపు దాకా ఇంకా రాలేదు. ఈ దారిలో మీలో ఎవరైనా వెళ్ళాలని నా కోరిక.

అధ్యాపకులకు ఒక్క మాట. టాక్స్-ఆర్ పాఠాన్ని 1987 నుంచి కాదు, 1959 నుంచి మొదలుపెట్టండి. ఇంటర్నల్స్ పేపర్ తయారుచేసేది మీరే కదా, డే మీద ఒక ప్రశ్న వేయండి. ఏ పిల్లయినా ఆ పేరు రాస్తే పూర్తి మార్కులివ్వండి. ఆ 1959 వ్యాసం రెండు పేజీలే, జిరాక్స్‌లు తెచ్చాను. గుమ్మం పక్కన టేబుల్ మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకెళ్ళండి.