హాప్స్ మడ్డిని గుడ్డతో పిండకండి, ముందు తేరనివ్వండి

[పొయ్యి మీద పెద్ద స్టీలు గిన్నె, మూత పక్కన పెట్టి ఉంది, ఆవిరి వస్తా ఉంది]

అందరికీ నమస్తే. సెలవు మీద వచ్చి నెల్లూరులో మా అక్కావాళ్ళింట్లో ఉండా ఇప్పుడు. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునే మనవాళ్ళు చాలామంది నన్ను ఒకటే అడగతా ఉండారు, అన్నా వర్ట్, అంటే బీరు కోసం బార్లీ మాల్టు నుంచి తీసిన తీపి నీళ్ళు, మరిగినాక అడుగున పచ్చగా బురద మాదిరి దిగతా ఉంది, గుడ్డ పెడితే మూసుకపోతా ఉంది, ఎట్టా వడకట్టాలి అని. దానికోసమే ఈ వీడియో.

ముందే ఒక మాట చెప్పేస్తా. ఆంధ్రాలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచెయ్యడం నేరం, కాబట్టి ఇక్కడ నేను ఈస్ట్, అంటే పులిసి ఆల్కహాల్ వచ్చేలా చేసేది, వెయ్యను. ఈ గిన్నెలో ఉండేది మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అదే మాల్టు, దాని నీళ్ళు, హాప్స్, అంతే, ఆల్కహాల్ చుక్క కూడా లేదు. వడకట్టేదాకా చూపించి ఆపేస్తా.

[గరిటెతో అడుగునుంచి మడ్డి పైకి తీసి చూపించాలి]

ఇదిగో ఇదీ ఆ బురద. హాప్స్ అంటే బీరుకి చేదు కోసం వేసే, ఒక తీగకి కాసే పూలు, చల్లటి దేశాల పంట, మన దేశంలో అయితే హిమాచల్‌లో లాహౌల్ లోయలో పండించారు. ఆ పూలని ఎండబెట్టి పొడిచేసి నొక్కితే పెల్లెట్లు, మరిగే నీళ్ళల్లో పడంగానే మళ్ళీ పొడి అయిపోతాయి. అయితే గుడ్డని మూసేసేది హాప్స్ ఒక్కటే కాదు, బార్లీలో ఉండే ప్రోటీన్ వేడికి పాలు విరిగినట్టు విరిగి తునకలు తునకలుగా తేలతాది చూడండి, ఆ జిగురూ ఈ పొడీ కలిసి గుడ్డ మీద అట్ట కట్టేస్తాయి, ఇంక చుక్క కూడా దిగదు.

నేను మొదటిసారి 19 లీటర్లు కాచినప్పుడు అదే తప్పు చేసినా. పల్చటి గుడ్డ కట్టి వంచేసినా, రెండు నిమిషాలకి మూసుకపోయింది, చేత్తో పిండినా, ఇంకో గుడ్డ మార్చినా, అప్పటికి వర్ట్ చల్లారిపోయింది, నా చెయ్యీ మరిగించని గుడ్డా రెండూ అందులో మునిగినాయి. వారం తర్వాత చూస్తే పుల్లగా అయిపోయింది, మొత్తం పారబోసినా. ఆ బాధ ఎవరికీ రాకూడదని ఇంత వివరంగా చెప్తా ఉండా.

మా అక్క చేపల పులుసుకి చింతపండు పిసికి గమ్మున పక్కన పెట్టేస్తాది. కాసేపటికి ఇసుక, నలకలు అడుక్కి పోతాయి, పైన రసం మెల్లగా వంచుకుంటాది. పిప్పి మిగిలితే అప్పుడే జల్లెడ. వర్ట్‌కీ అదే వరస, తేరుకునేది తేరుకోనిచ్చి, మిగిలిందానికే జల్లెడ.

[పొయ్యి ఆపి గరిటె తిప్పడం]

మంట ఆపినాక గరిటెతో ఒకే వైపుకి, అంచు వెంబడి, రెండు నిమిషాలు గట్టిగా తిప్పండి, సుడి రావాలి. గరిటె తీసేసి మూతపెట్టి 15, 20 నిమిషాలు కదిలించబాకండి. మడ్డంతా మధ్యలో చిన్న దిబ్బ మాదిరి చేరతాది. టీ గ్లాసులో స్పూన్ తిప్పితే ఆకు మధ్యకి చేరేది చూసుంటారు కదా, అదే. తిరిగే నీళ్ళు బయటికి తోస్తాయి గదా మరి మధ్యకి ఎట్టా వస్తాది అనిపిస్తాది, అడుగున నీళ్ళు గిన్నెకి రాసుకుని నెమ్మదిస్తాయి, అప్పుడు అంచునుంచి మధ్యలోకి ఒక ప్రవాహం పుడతాది, అది మడ్డిని లాక్కొస్తాది. 1926లో ఐన్‌స్టీన్ నదులు ఎందుకు వంకర్లు తిరుగుతాయో చెప్తా ఈ టీ ఆకు సంగతే రాశాడు. మన పెన్నా వంపు తిరిగినచోట లోపలి ఒడ్డున ఇసుక మేట వేసేదాంట్లో కూడా ఇదే పని చేస్తా ఉంటాది, నాకు ఈ విషయం చెప్పేటప్పుడల్లా భలే సంతోషంగా ఉంటాది.

చల్లార్చడానికి లోపల చల్లనీళ్ళు పారే రాగి గొట్టం చుట్ట ముంచేవాళ్ళు ఉంటారు, చుట్ట లోపలుంటే సుడి నిలవదు, అందుకని చల్లార్చి చుట్ట తీసేసి, మరిగించిన గరిటెతో అప్పుడు తిప్పండి. వేడి మీద ఎక్కువసేపు ఆగితే చివర్లో వేసిన హాప్స్ కూడా చేదు దించతానే ఉంటాయి, అదీ గుర్తుంచుకోండి. ఇంక మరుగు ఆపే 10, 15 నిమిషాల ముందు ఐరిష్ మాస్ అని ఎర్ర సముద్రపు నాచు కొంచెం వేస్తే ప్రోటీన్ ముద్దలు కట్టి తొందరగా దిగతాది. మన ఊళ్ళల్లో బురద నీళ్ళకి చిల్లగింజ అరగదీస్తారు కదా, ఆలోచన అదే, కానీ చిల్లగింజ ఇందులో వెయ్యబాకండి, ఇది వేరే పని.

[గిన్నె కుళాయి దగ్గరికి కెమెరా]

తీసేటప్పుడు అంచునుంచే తియ్యాలి, దిబ్బ జోలికి పోకూడదు, నెమ్మదిగా. కింద పాత్ర మీద జల్లెడ పెట్టండి. మన సముద్రం ఒడ్డు రొయ్యల హ్యాచరీల్లో పనిచేసేవాళ్ళకి మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యోవంతు) లెక్క బాగా తెలుసు, రొయ్య పిల్లలకి మేతగా వేసే ఆర్టీమియా అనే చిన్న జీవుల్ని పట్టే సన్న వల, మెష్ మాదిరిదే. ఇక్కడ 300, 400 మైక్రాన్ చాలు, మరీ సన్నగా పోతే మళ్ళీ మూసుకపోతాది. హ్యాచరీలో వాడిన ముక్క మాత్రం తెచ్చుకోబాకండి, ఆహారానికి పనికొచ్చే కొత్త నైలాన్ లేకపోతే స్టీలు. మరిగేటప్పుడు ఏది తగిలినా భయం లేదు, చల్లారినాక తగిలే ప్రతిదీ, జల్లెడ, గొట్టం, గరిటె, మరిగించిందో బీరు సామాన్లు శుద్ధిచేసే శానిటైజర్‌లో ముంచిందో అయ్యుండాలి. నాకు పుల్లబడిపోయింది ఇక్కడే.

మొదటినుంచే హాప్స్‌ని మెష్ సంచీలో వేసి మరిగిస్తే ఈ గొడవ సగం తగ్గతాది, అయితే సంచీ పెద్దదిగా ఉండాలి, లోపల హాప్స్ కదలాలి, ఇరుకైతే చేదు సరిగ్గా దిగదు.

అడుగున లీటరో లీటరున్నరో మిగిలిపోతాది, దానికి ఆశపడి గిన్నె వంచబాకండి. కొంచెం మడ్డి పోయినా బీరు పాడవదు, ఈస్ట్‌తో పాటు అదీ అడుక్కి దిగిపోతాది, అద్దంలాగా లేదని రాత్రంతా కూర్చోవాల్సిన పనిలేదు.

మిగిలిన ఆ పచ్చ మడ్డిని వీధిలో కుప్ప మీద వెయ్యబాకండి. మాల్టు తీపి వాసనకి కుక్కలు వస్తాయి, హాప్స్ కుక్కలకి విషం, తింటే ఒంట్లో వేడి విపరీతంగా పెరిగి చచ్చిపోవచ్చు. అక్కావాళ్ళ వీధిలో నాలుగు కుక్కలుండాయి, అందుకే ఇది ఇప్పుడు పెరట్లో గుంత తీసి లోతుగా పూడుస్తా ఉండా.

[గుంతలో మడ్డి పోసి మట్టి కప్పడం]