అద్దె స్కూటర్ రివ్యూ: బీచ్ ఊళ్లో ఆపడానికి ఏ బండి మంచిది?

నమస్తే అండి. ఇవాళ్టి రివ్యూలో మైలేజ్, పికప్, టాప్ స్పీడ్ జోలికి వెళ్లను. బీచ్ ఊళ్లో అద్దె స్కూటర్ తీసుకున్నవాళ్లు రోజులో దాన్ని నడిపేది కాసేపే, మిగతా టైమంతా అది ఎక్కడో ఒకచోట నిలబడే ఉంటుంది, గీతలు పడేదీ, బండి కింద పడేదీ, ఫైన్ పడేదీ, డిపాజిట్‌లో కోత పడేదీ ఎక్కువగా అప్పుడే. అయినా అద్దెకిచ్చే చోట అందరూ చూసేది బండి ఎలా పరిగెడుతుందని. అందుకే ఈ వీడియోలో అద్దెకు ఎక్కువగా దొరికే మూడు రకాలు, అంటే మామూలు 110 సీసీ, స్మార్ట్ కీ ఉండే పెద్ద 150, 160 సీసీ, ఎలక్ట్రిక్, వీటిని పార్కింగ్ కోసం మాత్రమే పోల్చి చూస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. టూరిస్టులతో కిక్కిరిసిన ఊళ్లో తిరగడానికైతే సెంటర్ స్టాండ్ ఉన్న 110 సీసీ బండి తీసుకోండి. ఎందుకో వినండి.

మొదట బరువు. యాక్టివా లాంటి 110 సీసీ స్కూటర్ 110 కిలోల లోపే ఉంటుంది, హోండా పీసీఎక్స్ 160, యమహా ఎన్‌మ్యాక్స్ 155 లాంటివి 130 కిలోల చుట్టూ ఉంటాయి. ఇరవై కిలోలే కదా అనిపిస్తుంది, రోడ్డు మీద ఆ తేడా తెలియదు కూడా. బీచ్ దగ్గర బండ్లన్నీ అద్దాలు తగిలేంత దగ్గరగా నిలబెట్టి ఉన్నప్పుడు, అటూ ఇటూ ఉన్నవాటికి తగలకుండా మీ బండిని వెనక్కి లాగి, అక్కడే తిప్పి, ముందు చక్రం కొంచెం ఇసుకలో ఉంటే దాన్ని కూడా పైకి లాగాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. పైగా పెద్ద బండ్ల వెనక భాగం వెడల్పుగా ఉంటుంది కాబట్టి 110 సీసీ దూరే సందులో అవి దూరవు. ఈ విషయంలో ఎలక్ట్రిక్ వాటికి ఒక మంచి మార్కు వేయాలి, కొన్నింటిలో రివర్స్ మోడ్ ఉంటుంది, అది వేస్తే బండి మోటార్ బలంతోనే మెల్లగా వెనక్కి వస్తుంది. పల్లంలో ముక్కు కిందికి పెట్టి ఆపినప్పుడు అది చాలా సాయం.

పల్లం అన్నాను కాబట్టి ఇది శ్రద్ధగా వినండి, మామూలుగా బైక్ నడిపేవాళ్లు మరీ శ్రద్ధగా. గేర్ల బైక్‌ని వాలులో ఆపేటప్పుడు ఫస్ట్ గేరులో వదిలేస్తాం, బండి కదలదు. స్కూటర్‌లో ఆ సదుపాయం లేదు. ఇంజిన్ ఆపాక దాని క్లచ్ విడిపోయి ఉంటుంది, వెనక చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. సైడ్ స్టాండ్ వేసి ముక్కు పల్లం వైపు పెట్టారంటే, పక్కవాడు తన బండి తీస్తూ కాస్త తగిలినా చాలు, మీ బండి ముందుకు దొర్లుతుంది, దొర్లగానే సైడ్ స్టాండ్ వెనక్కి మడుచుకుపోతుంది, బండి పడుతుంది, వరసలో ఉంటే పక్కవాటిని కూడా పడేస్తుంది. కాబట్టి వాలులో ఎప్పుడూ ముక్కు ఎత్తు వైపు ఉండాలి, వెనక చక్రం ఫుట్‌పాత్ అంచుకు ఆనితే ఇంకా మంచిది. కొన్ని స్కూటర్లలో ఎడమ బ్రేక్ లివర్ దగ్గర చిన్న క్లిప్ ఉంటుంది, బ్రేక్ నొక్కి ఆ క్లిప్ వేస్తే బ్రేక్ పట్టే ఉంటుంది. అద్దెకు తీసుకునేటప్పుడు అది ఉందా, ఉంటే పనిచేస్తోందా అని తప్పకుండా చూడండి. నా లెక్కలో పవర్ కంటే ఈ క్లిప్‌కే ఎక్కువ విలువ.

ఇక స్టాండ్లు. ఇదిగో, సైడ్ స్టాండ్ కొన దగ్గరగా చూపిస్తున్నాను. నేలకి ఆనేది ఈ కాస్త ముక్కే, బొటనవేలి కంటే కొంచెం పెద్దది, బండి బరువులో చెప్పుకోదగ్గ భాగం దీని మీద పడుతుంది. గట్టి కాంక్రీటు మీద ఏ ఇబ్బందీ లేదు. ఇసుక మీద నిమిషాల్లో దిగబడుతుంది. మధ్యాహ్నం ఎండకి మెత్తబడిన తారు మీద కూడా దిగుతుంది, కానీ చాలా మెల్లగా, మీరు స్నానానికి వెళ్లాక. దిగేకొద్దీ బండి ఆ వైపుకి ఒరుగుతూ పోతుంది. స్టాండ్ కింద పలక రాయో, చిన్న చెక్క ముక్కో పెడితే సరిపోతుంది. సెంటర్ స్టాండ్‌కి రెండు కాళ్లు, ముందు చక్రంతో కలిపి మూడు చోట్ల ఆనుతుంది, నిటారుగా నిలబడుతుంది, చోటు కూడా తక్కువ తీసుకుంటుంది. దాన్ని వేయలేక చాలామంది వదిలేస్తారు, ఎందుకంటే బండిని చేతులతో ఎత్తాలని చూస్తారు. ఎత్తక్కర్లేదు. ఎడమ చేత్తో హ్యాండిల్, కుడి చేత్తో వెనక గ్రాబ్ రెయిల్, అంటే సీటు వెనక ఉండే కడ్డీ, పట్టుకోండి, కుడి పాదంతో స్టాండ్ కిందికి నొక్కి దాని రెండు కాళ్లూ నేలకి సమంగా ఆనాయని తెలిశాక, మీ ఒంటి బరువంతా ఆ పాదం మీద వేయండి. బండి తనే వెనక్కి ఎక్కుతుంది. ఇది అద్దె షాపు ముందే ఒకసారి చేసి చూడండి, రాకపోతే ఆ బండి వద్దని చెప్పండి, మొహమాటపడకండి.

ఇప్పుడు తాళం చెవి, నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన భాగం. 110 సీసీ బండ్లలో చాలావాటికి తాళం రంధ్రం పక్కనే చిన్న షట్టర్ ఉంటుంది, దాన్ని మూసేస్తే దొంగ ఏదీ దూర్చలేడు. తెరవడానికి అయస్కాంతం కావాలి, ఆ అయస్కాంతం ఒరిజినల్ తాళం చెవి తల దగ్గర ఉన్న ఈ ఉబ్బెత్తు ముక్కలో ఉంటుంది. అద్దె బండ్లకి చాలాసార్లు బయట చేయించిన డూప్లికేట్ తాళం చెవి ఇస్తారు, దానికి మామూలు ప్లాస్టిక్ తలే ఉంటుంది. మీరు జాగ్రత్తపడి షట్టర్ మూశారనుకోండి, ఆ తాళం చెవితో మళ్లీ తెరవలేరు, ఎండలో నిలబడి షాపుకి ఫోన్ చేయాల్సిందే. అందుకే తాళం చెవి చేతికి రాగానే తిప్పి ఆ ముక్క ఉందో లేదో చూడండి. లేకపోతే షట్టర్ ముట్టుకోవద్దు.

స్మార్ట్ కీ సంగతి వేరు. జేబులో ఉంటే చాలు, బండి తెరుచుకుంటుంది. ఒకే రంగులో, ఒకే మోడల్‌లో వంద అద్దె బండ్లు ఉన్న వరసలో రిమోట్ మీద బటన్ నొక్కితే మీ బండి లైట్లు వెలిగించి తనెక్కడుందో చెప్పడం నిజంగా గొప్ప సౌకర్యం, ఈ ఒక్కదానికి పెద్ద బండికి పూర్తి మార్కులు. కానీ బీచ్‌కి వెళ్లేవాళ్లు ఆలోచించాల్సింది ఏంటంటే, ఆ రిమోట్‌లో ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, జేబులో పెట్టుకుని సముద్రంలో దిగలేరు, ఒడ్డున తువ్వాలు కింద వదిలేస్తే మనసు దాని మీదే ఉంటుంది. ఇనుప తాళం చెవికి ఆ టెన్షన్ లేదు, మెడలో వేసుకుని ఈత కొట్టొచ్చు. ఏ బండైనా సరే, ఆపగానే నంబర్ ప్లేట్‌కి ఒక ఫోటో తీసి, మ్యాప్‌లో పిన్ పెట్టుకోండి. రాత్రయ్యాక ప్రతి సందూ ఒకేలా ఉంటుంది.

హ్యాండిల్ లాక్ వేయాలా వద్దా అని చాలామంది అడుగుతుంటారు. మామూలుగా వేయాలి. కానీ కాపలా మనిషి ఉండే పార్కింగ్‌లో ముందు అతన్ని అడగండి. వియత్నాంలో ఇలాంటి చోట్ల చీటీ ఇస్తారు, కొన్నిచోట్ల సీటు మీద సుద్దతో నంబర్ రాస్తారు, వచ్చేపోయే బండ్లకి దారివ్వడానికి మీ బండిని వాళ్లే అటూ ఇటూ జరుపుతారు. లాక్ వేసి ఉంటే జరపడానికి కుదరదు, ఎత్తి ఈడుస్తారు, గీతలు మీ ఖాతాలో పడతాయి. కాపలా లేని చోట వేరే ప్రమాదం ఉంది, ఎవరో తమ బండికి చోటు చేసుకోవడానికి మీ బండిని గీత బయటికి తోసేయొచ్చు. అక్కడ లాక్ తప్పనిసరి, ఆపిన చోటు, చుట్టూ ఉన్న గీతలు, బోర్డు అన్నీ కనిపించేలా ఫోటో కూడా.

బోర్డుల దగ్గర పొరపాటు పడేది ఎక్కువగా కొత్త దేశంలో. నీలం గుండ్రం మీద ఎర్రగీత ఒక్కటే ఉంటే పార్కింగ్ వద్దని, రెండు గీతలు అడ్డంగా దాటుకుంటే అసలు ఆగడమే వద్దని, ఇది చాలా దేశాల్లో ఒకటే. అదే బోర్డు మీద నిలువుగా ఒక గీత ఉంటే బేసి తేదీల్లో, రెండు గీతలుంటే సరి తేదీల్లో ఆ వైపు ఆపకూడదని సాధారణంగా అర్థం. రాత్రి ఆపి పడుకున్నవాళ్లు పన్నెండు దాటితే తేదీ మారుతుందని గుర్తుంచుకోవాలి. ఫుట్‌పాత్ అంచు రంగులు మాత్రం దేశాన్ని బట్టి మారతాయి. థాయ్‌లాండ్‌లో ఎరుపు తెలుపు చారలుంటే ఆపకూడదు, పసుపు తెలుపైతే మనిషిని దించేంతసేపు ఆగొచ్చు, పార్క్ చేయకూడదు. ఇటలీలో నేల మీది తెల్ల గీతలు ఉచితం, నీలం డబ్బు కట్టేవి, పసుపు దివ్యాంగులకో, స్థానికులకో, సామాను దించేవాళ్లకో కేటాయించినవి. "అందరూ ఆపారు కదా" అనేది అనుమతి కాదు. ఫైన్ ప్లేట్ నంబర్ మీద పడుతుంది, షాపువాళ్లు దాన్ని మీ దగ్గరే వసూలు చేస్తారు, కొన్నిచోట్ల పైన సర్వీసు చార్జీ కూడా వేసుకుంటారు. అగ్రిమెంట్‌లో ఈ ఒక్క లైను చదవకుండా సంతకం పెట్టకండి. పాస్‌పోర్ట్ తాకట్టు అడిగితే ఇంకో షాపు చూసుకోండి, చిన్న గీతకి కూడా వాళ్లు చెప్పిందే రేటవుతుంది.

యాప్‌తో తీసుకునే ఎలక్ట్రిక్ స్కూటర్లకి ఇంకో తలనొప్పి ఉంది. యాప్‌లో చూపించిన పార్కింగ్ జోన్‌లో పెడితేనే చాలావాటిలో రైడ్ ముగుస్తుంది. ఎత్తైన హోటళ్ల మధ్య సందుల్లో జీపీఎస్ కాస్త అటూ ఇటూ అవుతుంది, మీరు జోన్‌లోనే ఉన్నా లేరంటుంది, అంతసేపూ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. కాస్త ఆకాశం కనిపించే వైపుకి జరిపి మళ్లీ ప్రయత్నించండి, రైడ్ ముగిసినట్టు స్క్రీన్ షాట్ తీసుకోకుండా కదలొద్దు. ఎలక్ట్రిక్ బండి ఆన్‌లో ఉన్నా చప్పుడు రాదు, పక్కన పిల్లలుంటే యాక్సిలరేటర్ తిప్పేస్తారు, అందుకే దిగేముందు స్విచాఫ్ అయిందా అని డిస్‌ప్లే చూడటం అలవాటు చేసుకోండి.

డిక్కీ గురించి క్లుప్తంగా. హెల్మెట్‌ని అద్దానికి తగిలించి వెళ్లకండి, సీటు కింద చిన్న కొక్కెం ఉంటుంది, హెల్మెట్ బెల్టుకున్న ఇనుప రింగు దానికి తగిలించి సీటు మూసేయండి. ఫోన్లూ, పాస్‌పోర్టులూ డిక్కీలో వద్దు, సీటు పక్క నుంచి బలంగా ఎత్తితే చెయ్యి దూరేంత సందు వచ్చే బండ్లు ఉన్నాయి, పైగా కింద ఇంజిన్ వేడి.

నీడ కోసం కొబ్బరిచెట్టు కింద పెట్టకండి, కాయ పడ్డా మట్ట పడ్డా సొట్ట ఖాయం. గోడ నీడ మంచిది, కానీ ఉదయం కనిపించే నీడని నమ్మొద్దు. మధ్యాహ్నం తర్వాత నీడ తూర్పుకి పడుతుంది కాబట్టి సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు గోడకి తూర్పు వైపు పెట్టుకోవాలి. నీళ్లకి దగ్గరగా అసలు తీసుకెళ్లకండి, చాలాచోట్ల బీచ్ మీదికి బండి తేవడమే నిషేధం. ఉప్పు గాలిలో రాత్రంతా ఉన్న బండికి పొద్దున బ్రేక్ డిస్క్ మీద సన్నగా తుప్పు పొర కనిపిస్తుంది, భయపడకండి, మొదట్లో మెల్లగా వెళ్తూ బ్రేక్ వేస్తే పోతుంది.

పెద్ద బండి ఎవరికీ వద్దని నేను అనడం లేదు. ఇద్దరు పెద్దవాళ్లు, సామాను, రోజూ ఊరు దాటి హైవే మీద దూరం వెళ్లే పని ఉంటే 150, 160 సీసీనే తీసుకోండి, అక్కడ 110 సీసీ ఇబ్బంది పడుతుంది. కాకపోతే హోటల్ బుక్ చేసేముందే బండికి లోపల చోటు ఉందా, గేటు రాత్రి ఎన్నింటికి మూస్తారు, ర్యాంప్ ఉందా మెట్లున్నాయా అని ఫోన్ చేసి అడగండి.