జూన్‌లో చేరాల్సిన డబ్బు: సర్కారు బడుల నిధులపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

బడ్జెట్ పెట్టిన రోజు చదువు గురించి మనకు వినిపించేది ఒకే అంకె, ఎంత శాతం ఇచ్చారన్నది. 2025-26లో తెలంగాణ మొత్తం బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో విద్యకు 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం పైచిలుకు. దేశ చదువు తీరును పరిశీలించిన కొఠారీ విద్యా కమిషన్ 1966లో సిఫారసు చేసిన ఆరు శాతాన్ని దీని పక్కన పెట్టి పోల్చేవాళ్లున్నారు. ఆ పోలిక కుదరదు. కొఠారీ ఆరు శాతం జాతీయాదాయంలో వాటా, ఇది రాష్ట్ర బడ్జెట్‌లో వాటా. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆ పాత ఆరు శాతాన్నే మళ్లీ రాసుకుంది.

వాటా పెరగాలి. అందులో రెండో మాటకు తావు లేదు. అయితే ఇవాళ మీ ముందు పెడుతున్నది మరో సంగతి. ఇచ్చిన డబ్బు ఏ పద్దులో ఉంది, ఏ నెలలో బడికి చేరింది అన్నది చూడకుండా శాతం కోసం మాత్రమే కొట్లాడితే, శాతం పెరిగిన ఏడాది కూడా బడిలో నల్లా పాడైతే బాగుచేయించే దిక్కుండదు.

ముందు పద్దుల సంగతి చూద్దాం. బడ్జెట్ పుస్తకాల్లో చదువు 2202 పద్దు కింద ఉంటుంది, భవనాల్లాంటి పెట్టుబడి ఖర్చు 4202 కింద ఉంటుంది. 2202లో అత్యధిక భాగం జీతాలు. దాన్ని దుబారా అనేవాళ్ల మాట నమ్మొద్దు. టీచరే బడి కాబట్టి జీతమే బడి ఖర్చు. చిక్కంతా జీతాలు పోగా మిగిలే సన్నని పాయలో ఉంది. కరెంటు, నీళ్లు, చీపుర్లు, రిపేర్లు, రిజిస్టర్లు అన్నీ అందులోంచే నడవాలి. ఖజానాకు ఇబ్బంది వచ్చినప్పుడు మొదట ఆగేది ఆ పాయే. జీతం ఒక నెల ఆగితే రాష్ట్రమంతా గగ్గోలు పుడుతుంది. ఫినాయిల్ డబ్బు ఆరు నెలలు ఆగినా పేపర్లో ఒక్క వార్త రాదు.

ఒక ప్రాథమిక పాఠశాలను తీసుకుందాం. 80 మంది పిల్లలు, అయిదు తరగతులు. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఈ బడికి కాంపోజిట్ గ్రాంటు, అంటే చిల్లర ఖర్చులన్నిటికీ కలిపి ఇచ్చే డబ్బు, ఏడాదికి 25,000 రూపాయలు. కేంద్రం 60, రాష్ట్రం 40 చొప్పున పెట్టే డబ్బు ఇది. ఇందులో కనీసం పది శాతం, అంటే 2,500, స్వచ్ఛత కోసం కేటాయించాలి. పనిదినాలు 220 అనుకుంటే రోజుకు 113 రూపాయలు, పిల్లవాడికి రూపాయిన్నర కూడా కాదు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, బల్బులు, ఫ్యాన్ కెపాసిటర్, తాగునీటి డ్రమ్ము, తలుపు గొళ్లెం, పంద్రాగస్టు బిళ్లలు అన్నీ ఆ 113లోనే.

ఈ గ్రాంటు శ్లాబుల లెక్క కూడా ఒకసారి గమనించండి. 30 మంది వరకు 10,000. 31 నుంచి 100 వరకు 25,000. 101 నుంచి 250 వరకు 50,000. ఆపైన వెయ్యి వరకు 75,000, వెయ్యి దాటితే లక్ష. 31 మంది ఉన్న బడికి తలకు 806 రూపాయలు పడితే, వంద మంది ఉన్న బడికి 250 పడుతుంది. 31 మందిలో ఒక్కరు ప్రైవేటుకు వెళ్లిపోతే గ్రాంటు 15,000 తగ్గుతుంది. ఆ ఒక్క బిడ్డ వెళ్లినందుకు బడి కప్పు చిన్నదవుతుందా, బోరు లోతు తగ్గుతుందా? ఏ బడికైనా తప్పని ఖర్చుకు ఒక స్థిర మొత్తం, దానిపైన తలకింత అని ఇవ్వడమే సరైన పద్ధతి. శ్లాబులు తీసేసి ఈ లెక్క పెట్టాలి.

ఇక నెల సంగతి. 2021 జులైలో వచ్చిన పద్ధతి ప్రకారం కేంద్ర పథకాల డబ్బు రాష్ట్ర స్థాయిలో ఒకే నోడల్ ఖాతాలో ఉంటుంది. బడి పేరున ఉండేది జీరో బ్యాలెన్స్ ఖాతా. అందులో డబ్బు ఉండదు, ఖర్చు చేసుకునే పరిమితి మాత్రం కనిపిస్తుంది. ప్రధానోపాధ్యాయుడు (హెచ్‌ఎం) చెల్లింపు నమోదు చేస్తే పైఖాతా నుంచి దుకాణదారుకు డబ్బు వెళ్తుంది. పద్ధతిగా చూస్తే ఇది మంచిదే, డబ్బు ఎక్కడా మురగదు. చెడేది పరిమితి ఆలస్యంగా వచ్చినప్పుడు. బడి జూన్ 12న తెరుస్తారు. పరిమితి దసరా దాటాకో సంక్రాంతి దాటాకో వస్తే, అప్పటిదాకా అయిన ఖర్చంతా హెచ్‌ఎం జేబులోంచో, దుకాణంలో ఉద్దెర మీదో నడిచి ఉంటుంది. మార్చి 31న మిగిలిన పరిమితి వెనక్కి పోతుంది. దాంతో ఫిబ్రవరి, మార్చి నెలల్లో బిల్లు తేలిగ్గా దొరికే వస్తువులు కొంటారు. బీరువా వస్తుంది, సౌండ్ బాక్సు వస్తుంది. కారే కప్పు అలాగే ఉంటుంది, ఎందుకంటే మేస్త్రీ జీఎస్టీ బిల్లు ఇవ్వలేడు.

మరుగుదొడ్ల దగ్గర కాసేపు ఆగుదాం, ఆడపిల్లల హాజరు చాలావరకు అక్కడే తేలిపోతుంది. ఏప్రిల్ 23 చివరి పనిదినం. అక్కడి నుంచి యాభై రోజులు మోటారు తిప్పే మనిషి ఉండడు. ట్యాంకు ఎండుతుంది, అడుగున మడ్డి గట్టిపడుతుంది, ఫ్లోట్ వాల్వు బిగుసుకుంటుంది. నేలమీద బిగించిన మోనోబ్లాక్ పంపయితే లోపల తుప్పు పట్టి పట్టేస్తుంది. జూన్ 12న స్విచ్ వేయగానే మోటారు గుయ్యిమంటుంది గాని తిరగదు. అలాగే వదిలేస్తే అయిదు నిమిషాల్లో వైండింగ్ కాలుతుంది. రీవైండింగ్‌కు డబ్బు లేదు కాబట్టి దొడ్లకు తాళం పడుతుంది. గోడలు, గిన్నెలు, టైల్సు అన్నీ కొత్తవే, నీళ్లు మాత్రం రావు. దీనికి మందు పెద్దదేమీ కాదు. సెలవుల్లో వారానికోసారి అయిదు నిమిషాలు మోటారు తిప్పాలి, జూన్ మొదటి వారంలో ట్యాంకు కడగాలి. ఈ రెండు పనులకు ఒక మనిషికి ఏప్రిల్, మే, జూన్ నెలల కూలీ ముందే ఇవ్వాలి.

పారిశుద్ధ్య పనికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో మహిళా సంఘాల ఆధ్వర్యంలోని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా నెలనెలా నిధి పెట్టింది. 30 మంది లోపు బడికి 3,000, వంద లోపు 6,000, ఆపైన పిల్లల సంఖ్యను బట్టి 20,000 దాకా. నిజంగా మంచి నిర్ణయం, చాలా ఏళ్లుగా అడుగుతున్నదే. కానీ లెక్క ఏడాదికి పది నెలలకే. మోటారు చెడేది ఆ మిగిలిన రెండు నెలల్లోనే. అదే ఏడాది ప్రకటించిన ఉచిత కరెంటు కూడా బడులకు పెద్ద ఊరట, ఎప్పుడు కనెక్షన్ తీసేస్తారోనన్న దిగులు పోయింది.

రిపేర్లలో వరస తప్పితే పెట్టిన డబ్బంతా పోతుంది. ముందు కప్పు కారకుండా చేయాలి, తర్వాత వైరింగ్, ఆపైన పైపులు, ఆనక ఫ్లోరింగ్, అన్నిటికంటే చివర రంగులు. రంగులు ముందు వేస్తే ఆగస్టుకల్లా చెమ్మ పొంగి గోడ పెచ్చులూడుతుంది. 2022లో మొదలైన మన ఊరు - మన బడి, మన బస్తీ - మన బడి పథకంలో 12 అంశాలు పెట్టారు. 26,065 బడులకు 7,289 కోట్లతో మూడు విడతల ప్రణాళిక అది. మొదటి విడతకు 9,123 బడులు, 3,497 కోట్లు. అంశాల ఎంపికలో తప్పు పట్టడానికి లేదు, నీళ్లొచ్చే మరుగుదొడ్డి నుంచి వంటషెడ్డు దాకా అన్నీ ఉన్నాయి. దెబ్బ తగిలింది చెల్లింపుల్లో. పని చేసినవాళ్లు సొంత డబ్బు పెట్టారు, ఇంజినీరు కొలతల పుస్తకంలో (ఎం.బుక్‌లో) కొలతలు రాశారు, బిల్లు ఎక్కించారు, ఖజానా టోకెన్ వచ్చింది, డబ్బు రాలేదు. దాంతో చాలాచోట్ల పనులు సగంలో ఆగాయి. ఆ తర్వాత రెండో బడి పని ఒప్పుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? పెండింగు బిల్లు తీర్చకుండా కొత్త పథకం ప్రకటిస్తే, కొత్త పథకానికి కూడా పనివాళ్లు దొరకరు.

మధ్యాహ్న భోజనం లెక్క ఇంకా కఠినం. ప్రాథమిక స్థాయిలో తలకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. బియ్యం ఉచితంగా వస్తుంది. మిగతా వంట ఖర్చుకు 2025 మే నుంచి తలకు 6 రూపాయల 78 పైసలు. మన 80 మంది బడికి రోజుకు 542 రూపాయలు. ఇందులో 1.6 కిలోల పప్పు, 4 కిలోల కూరగాయలు, 400 గ్రాముల నూనె, ఉప్పు, చింతపండు, గ్యాసు రావాలి. కందిపప్పు కిలో 120 అనుకుంటే పప్పుకే 192 పోతాయి, మిగిలిన 350లో తక్కినవన్నీ. ఒక్క టమాటా రేటు పెరిగినా చారు పలచబడుతుంది. నెలకు 24 రోజుల వంట అనుకుని, వంటవాళ్లు ముందే తెచ్చి పెట్టిన సరుకుల బిల్లు మూడు నెలలు ఆగితే 39,000. ఈ సంఖ్యకు ఇద్దరు వంటవాళ్లుంటారు, ఒక్కొక్కరికి నెలకు 3,000. అదీ మూడు నెలలు ఆగితే మరో 18,000. మొత్తం 57,000 రూపాయలు ఇద్దరు పేద ఆడవాళ్లు సర్కారుకు అప్పిచ్చినట్టు. వడ్డీ కట్టేదీ వాళ్లే, కిరాణం దుకాణంలో మాట పడేదీ వాళ్లే. ఈ ఒక్క బిల్లును జీతాలతో సమానంగా చూడాలి, ప్రతి నెలా పదో తేదీలోపు తీర్చాలి.

టీచర్ల విషయంలో సగటు లెక్క మనల్ని మోసం చేస్తుంది. రాష్ట్ర సగటున ఒక టీచరుకు ఇంతమంది పిల్లలు అంటే బాగానే కనిపిస్తుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 90 వరకు ముగ్గురు. అరవై మంది బడిలో అయిదు తరగతులుంటాయి. ఒకటి, రెండు తరగతులకు మూడేసి సబ్జెక్టులు, మూడు నుంచి అయిదు దాకా నాలుగేసి, మొత్తం 18. ఇద్దరు రెండు తరగతులకు చెబుతున్న సేపు మూడు తరగతులు ఊరికే కూర్చుంటాయి. అంటే సగటున ఒక బిడ్డకు బడివేళలో అయిదింట రెండు వంతులే పాఠం. ఒకరు సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా, ఎన్నికల పనికి పోయినా అది అయిదింట ఒక వంతుకు పడిపోతుంది. ప్రైవేటు బడిలో తరగతికొక టీచరు కనబడుతున్నప్పుడు తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. పిల్లలు ఎంతమంది ఉన్నా ప్రాథమిక బడికి కనీసం ముగ్గురు, అరవై దాటితే తరగతికొకరు ఉండాలి.

ఖాళీలు పదిశాతం దాటకూడదని అదే చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. అయినా మన దగ్గర 2017లో 8,792 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చాక, 2023లో వచ్చినది రద్దయి, 2024లో 11,062 పోస్టులకు వచ్చింది. ఆరేళ్ల ఎడం. ఒకటో తరగతిలో చేరిన బిడ్డ ఆ ఎడంలో ప్రాథమిక చదువంతా పూర్తి చేసేస్తుంది. రిటైరయ్యేవాళ్ల తేదీలు ప్రభుత్వం దగ్గర ముందే ఉంటాయి కాబట్టి, ఏటా జనవరిలో ఆ సంఖ్యకు నియామకం మొదలుపెట్టి జూన్‌లో చేర్చుకోవడం అసాధ్యమేమీ కాదు.

ఇంకో గండి మూడేళ్ల వయసు దగ్గర ఉంది. నగరంలో తల్లిదండ్రులు బిడ్డను బడిలో వేసేది నర్సరీలో, ఒకటో తరగతిలో కాదు. సర్కారు బడి తలుపు తెరిచేసరికి ఆ బిడ్డ పక్క సందులోని ప్రైవేటు బడిలో మూడేళ్లు చదివి, స్నేహితులను చేసుకుని ఉంటాడు. పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట ఊరేగింపుతో వాడు వెనక్కి రాడు. అంగన్‌వాడీ కేంద్రాన్ని అదే ప్రాంగణంలోకి తెచ్చి, పూర్వ ప్రాథమిక తరగతులు ప్రతి ప్రాథమిక బడిలోనూ పెడితేనే సంఖ్య నిలుస్తుంది.

ప్రాధాన్యం గురించి నిక్కచ్చిగా ఒక మాట. ఒక్కొక్కటి సుమారు 200 కోట్లతో సమీకృత గురుకులాలు కడుతున్నారు. గురుకులాలు వద్దని ఎవరూ అనరు, వేల పేద కుటుంబాలకు అవే దారి. కానీ ఆ 200 కోట్లను 26,065 బడులకు పంచితే ఒక్కో బడికి 76,700 రూపాయలు వస్తాయి. మన 80 మంది బడికి మూడేళ్ల గ్రాంటు కంటే ఎక్కువ. కాబట్టి కొత్త భవనాలకు ఎంత కేటాయించినా, ఉన్న బడుల నిర్వహణ డబ్బు విడుదలయ్యాకే అవి మొదలు కావాలన్నది నా గట్టి అభిప్రాయం.

హైదరాబాద్‌కు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. జిల్లాల్లో బడులు ఎక్కువగా మండల పరిషత్తు, జిల్లా పరిషత్తువి. హైదరాబాద్ జిల్లాలో జిల్లా పరిషత్తే లేదు, ముంబయిలోలాగా నగరపాలక సంస్థ నడిపే బడులూ లేవు. అన్నీ నేరుగా రాష్ట్ర ప్రభుత్వానివి. ఊళ్లో పంచాయతీ ట్రాక్టరు వచ్చి చెత్త తీస్తుంది, సర్పంచి బోరు బాగుచేయిస్తాడు. ఇక్కడ బస్తీ బడికి ఆ దిక్కు లేదు. పైగా అద్దె భవనాల్లో నడిచే బడులున్నాయి, ఒకే భవనంలో రెండు మూడు బడులు సర్దుకున్నచోట్లున్నాయి. ప్రైవేటు స్థలంలో సర్కారు డబ్బుతో కట్టడానికి వీల్లేదు కాబట్టి పథకం ఏదొచ్చినా అద్దె బడికి మరుగుదొడ్డి రాదు, గది రాదు. నగరంలో మొదటి పని అద్దె బడుల జాబితా బయటపెట్టి, ఒక్కోదానికి కిలోమీటరు లోపల సర్కారు స్థలం గుర్తించి, కలెక్టరు ద్వారా విద్యాశాఖ పేరుకు మార్చడం. స్థలం పేరు మారనిదే అంచనా కూడా తయారు కాదు.

ఇక్కడున్న తల్లిదండ్రులు, కమిటీ సభ్యులు చేయగలిగినవి చెప్తాను. దేశంలోని బడుల వివరాలన్నీ ఏటా నమోదు చేసే యూడైస్ లెక్కకు ఆధారం సెప్టెంబరు 30 నాటి సంఖ్య. ఆ లోపు మీ బడి వివరాల నకలు తీయించి చదవండి. పనిచేయని మరుగుదొడ్డి పనిచేస్తుందని అందులో పడితే, దాని రిపేరు ప్రణాళికలోకే రాదు. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్రణాళిక రాసే హక్కు మీ కమిటీది. పై కార్యాలయాల్లో బడ్జెట్ అంచనాలు తయారయ్యేది శీతాకాలంలో, కాబట్టి అది అక్టోబరులోనే మండల విద్యాధికారి (ఎంఈవో) దాకా చేరాలి. బడ్జెట్ పుస్తకంలో కేటాయింపు గడి ఒక్కటే చూడకండి. పక్కనే సవరించిన అంచనా, అంతకుముందు ఏడాది అసలు ఖర్చు ఉంటాయి. కోత ఎంత పడిందో అక్కడ తెలుస్తుంది.

మార్చి దాటగానే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నాలుగు ప్రశ్నలు చాలు. మా బడికి కాంపోజిట్ గ్రాంటు ఎంత మంజూరైంది, పరిమితి ఏ తేదీన ఇచ్చారు, ఎంత ఖర్చయింది, ఎంత వెనక్కి పోయింది. జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తేదీలు ఒక్క బడివి కాకుండా మండలంలో పది బడులవి పక్కపక్కన రాసి తీసుకెళ్తే, జిల్లా విద్యాధికారి (డీఈవో) ముందు మాట్లాడటానికి మీ చేతిలో ఆ కాగితం ఉంటుంది.